అలసటకు వ్యతిరేక పదం ఉత్సాహం కాదు

తెలుగు పరీక్షలో వ్యతిరేక పదాలు అడుగుతారు. చీకటికి వెలుగు, తీపికి చేదు, పగలుకు రాత్రి. మరి అలసటకు? గైడు పుస్తకాలు ఉత్సాహం అంటాయి. కొన్ని హుషారు అంటాయి. చురుకుదనం అని రాసినా మార్కు వేస్తారు. విశ్రాంతి అని రాసిన పిల్లకు మార్కు కోసేసిన వాళ్లను చూశాం. నిద్ర అని రాసిన పిల్లవాడి జవాబును గట్టిగా చదివి క్లాసంతా నవ్వించిన వాళ్లనూ చూశాం. ఆ ఇద్దరి పక్షాన మేం ఈ వ్యాసం రాస్తున్నాం. వాళ్లు రాసిందే సరైనది, గైడుదే తప్పు. ఆ తప్పు జాడలు మన పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో ఉన్నాయి, మన భూముల రికార్డుల్లో ఉన్నాయి, మన ఆడవాళ్ల ఒంట్లో కూడా ఉన్నాయి.

ముందు వ్యాకరణం సంగతే చూద్దాం. వ్యతిరేక పదాలంటే ఏమని చెబుతాం పిల్లలకు? ఒకటి ఉన్నచోట రెండోది ఉండదు, ఒకటి పోతే రెండోది వస్తుంది అని. దీపం పెడితే చీకటి పోయి వెలుగు వస్తుంది. మరి అలసట పోతే ఏం వస్తుంది? కట్టెల మోపుతో కొండ దిగి వచ్చిన అమ్మను గమనించండి. మోపు దించుతుంది. గిన్నెడు చోడి అంబలి తాగుతుంది. గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంటుంది. కాసేపటికి, ప్రాణం లేచొచ్చింది అంటుంది. అలసట పోయింది. ఉత్సాహం వచ్చిందా? ఆమె లేచి గంతులేమీ వెయ్యలేదు. ఆమెకు సేద తీరింది, అంతే. సేద అన్నా అలసటే. అది తీరడమే దానికి ఎదురు.

ఇంకోవైపు నుంచి చూడండి. పగలంతా చేనిపని చేసి వచ్చినవాళ్లే పండగ రాత్రి తుడుం మోగగానే థింసా వరుసలో నిలబడతారు. కాళ్లు పీకుతుంటాయి, నడుం నొప్పి, అయినా తెల్లవార్లూ ఆడతారు. ఆ ఒంట్లో అలసట ఉంది, ఉత్సాహమూ ఉంది. రెండూ ఒకేచోట కాపురం చేస్తున్నప్పుడు వ్యతిరేకాలు ఎలా అవుతాయి? ఉత్సాహానికి నిరుత్సాహం అనే జతను భాషే ఏనాడో కుదిర్చిపెట్టింది. జత కుదిరిన మాటను లాక్కొచ్చి అలసటకు అంటగట్టాల్సిన అవసరం ఎవరికి వచ్చింది?

అలంకారశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు, వీరరసానికి స్థాయీభావం ఉత్సాహం అని. అంటే అది యుద్ధానికి బయల్దేరేవాడికి కావలసిన మాట. హుషారు మనకు ఉర్దూ, పారసీల నుంచి వచ్చింది, అందులోని హోష్ అంటే తెలివి, స్పృహ. హుషారుగా ఉండమంటే మెలకువగా ఉండమని. చురుకు మాత్రం అచ్చంగా మన ద్రావిడ మాట. వేడి తగిలితే చురుక్కుమంటుంది, కాల్చి పెట్టేది చురక, చురుకూ ఆ కుదురులోదే. యుద్ధం, కాపలా, కాల్పు. పని చేయించుకునేవాడికి ఎదుటివాడిలో ఏవి కావాలో ఆ గుణాలన్నీ ఈ మూడు మాటల్లో ఉన్నాయి. పని చేసి వచ్చినవాడికి ఏం కావాలో ఒక్కదానిలోనూ లేదు.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. తెలుగులో మూడు మాటలు చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి: అలసట, అలసత్వం, ఆలస్యం. మొదటిది అలయు అనే మాట నుంచి వచ్చింది, ఒళ్లు అలిసిపోవడం. రెండోది సంస్కృతం, అలసుడంటే సోమరి. మూడోదానికి సంస్కృతంలో సోమరితనమనే అర్థం, తెలుగులో జాప్యమనే అర్థం. చెవికి దగ్గరగా ఉన్నాయి కదా అని బడి ఈ మూడింటినీ ఒకే గంపలో వేస్తుంది. ఆరో తరగతి పిల్ల తెల్లవారకముందే ఊటకు వెళ్లి రెండు బిందెలు నీళ్లు తెచ్చి, చంటి తమ్ముణ్ని ఆడించి, రెండు గెడ్డలు దాటి బడికి వస్తుంది. వచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది. జరిగింది ఆలస్యం. కారణం అలసట. సారు రిజిస్టరులో రాసేది అలసత్వం. మధ్యాహ్నం గణితం పీరియడులో ఆ పిల్ల తల వాలుస్తుంది. ‘చురుకుగా లేదు’ అని ఇంకో మాట చేరుతుంది. ఏడాది చివరికి ఆ పిల్ల మందబుద్ధి అయిపోతుంది. గెడ్డలు అక్కడే ఉంటాయి, ఊట అక్కడే ఉంటుంది, పిల్ల మాత్రం బడి మానేస్తుంది.

ఇక్కడే ఒక తమాషా గమనించండి. వంతెన మంజూరై ఏళ్లు గడిచినా పని మొదలుపెట్టకపోతే పేపర్లు ‘అధికారుల అలసత్వం’ అని రాస్తాయి. ఎంత మర్యాద! ఏ అధికారినీ సోమరి అని రాయగా మేం చూడలేదు. ఆ అచ్చ తెలుగు తిట్టు మన వంతుకే వస్తుంది.

అలిసినవాణ్ని సోమరి అనడం బడిలో పుట్టిన అలవాటు కాదు. కొండల్లోకి పన్ను వసూళ్లు, రోడ్లు, కూపులు వచ్చిన రోజుల నుంచీ ఉంది. మనిషి తన చేను తాను చేసుకుని, మిగిలిన పూట వాకిట్లో కూర్చుంటే దొరలకు కన్నుకుట్టింది. మా కూలికి రావడం లేదు కాబట్టి వీళ్లు సోమరులు అని రాసుకున్నారు. రాసుకున్న చేత్తోనే వెట్టికి పట్టుకుపోయారు. మన్యంలో 1922లో లేచిన తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. పోడు మీద, అడవి మీద పెట్టిన ఆంక్షలు, ముఠాదారుల హక్కులు తీసెయ్యడం, వాటితో పాటు రోడ్డు పని. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా కొండవాళ్ల చేత రోడ్లు వేయించిన సంగతి చరిత్రలో ఉంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసినవాళ్లలో ఆ రోడ్ల మీద నడుములు విరిగినవాళ్లు ఉన్నారు. గాం గంటందొర, మల్లుదొర మన మనుషులే. మన్యం పోరాటం గురించి పాఠం చెప్పేటప్పుడు అల్లూరి సీతారామరాజు బాణాలు చెబుతాం, తెల్లవాళ్ల తుపాకులు చెబుతాం. రాళ్లు మోసి మోసి అలిసిన ఒళ్లను చెప్పం. రేపు ఆ పాఠం చెప్పేటప్పుడు అవి కూడా చెప్పండి.

మనుషుల సంగతి ఇలా ఉంటే నేల సంగతీ అంతే. మన పెద్దలు కొండ మీద పోడు కొట్టి రెండు మూడేళ్లు పండించి, తర్వాత ఆ చెక్కను కొన్నేళ్లు వదిలేసి ఇంకోచోటికి మళ్లేవాళ్లు. నేల కూడా అలుస్తుందని వాళ్లకు తెలుసు. పండించి పండించి సత్తువ పోయిన మన్నుకు తుప్పలు లేవాలి, ఆకు రాలాలి, కుళ్లాలి. అప్పుడే మళ్లీ గంట్లు, సామలు, కందులు పండేది. ఆ తీరిక లెక్క పెద్దల బుర్రల్లో ఉండేది. ఏ చెక్క ఎవరిది, ఎన్నేళ్లుగా పడుకుని ఉంది అన్నది ఊరందరికీ తెలుసు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత హద్దురాళ్లు పాతుకుంటూ వచ్చినవాళ్లకు పడుకున్న నేల కనిపించలేదు, ఖాళీ నేల కనిపించింది. ఎవరూ దున్నడం లేదు కాబట్టి ఎవరిదీ కాదన్నారు, రిజర్వులో కలిపేశారు. నిజాం రాజ్యంలో ఆదిలాబాదు గోండుల బీళ్లకూ ఇదే గతి పట్టింది. అలసట తీర్చుకుంటున్న నేలకు వాళ్ల భాషలో పేరు లేదు. దున్నుతున్నదొకటి, వృథాగా ఉన్నదొకటి, అంతే వాళ్ల లెక్క. అదే లెక్కను పిల్లలకు వ్యతిరేక పదాల పట్టికలో నేర్పిస్తున్నాం: ఒకవైపు చురుకు, రెండోవైపు సోమరి, మధ్యలో ఏమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా వదిలిన పోడుకు ఆధారం చూపించడం ఎంత కష్టమో దరఖాస్తు కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లకు తెలుసు.

సోమరి అన్న నోటితో ఒక్కసారి మన ఊళ్ల పని లెక్కపెట్టమని అడగాలి. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది, పశువులు తినకముందే ఏరాలి. తునికాకు ఎండాకాలం నడినెత్తిన ఎండలో కొయ్యాలి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టాలి. అడ్డాకు తెచ్చి ఈనెపుల్లలతో కుట్టాలి. చింతపండు కొట్టి గింజ తియ్యాలి. కొండచీపురు కోసి ఆరబెట్టి కట్టాలి. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని సంతకు నడవాలి. రోడ్డు లేని ఊళ్లో గర్భిణికి నొప్పులొస్తే కర్రకు దుప్పటి కట్టి డోలీ వేసి, వానలో, బురదలో, మైళ్ల కొద్దీ భుజాలు మార్చుకుంటూ మోసుకుపోయేది ఎవరు? ఆ డోలీ ఫొటో పేపర్లో వస్తుంది. కింద ‘అమాయక గిరిజనుల అవస్థలు’ అని రాస్తారు. మోసిన భుజాల గురించి ఒక్క ముక్క రాయరు. మర్నాడు ఆ భుజాలవాడు ఇంటి అరుగు మీద పడుకుని ఉంటే, సర్వేకు వచ్చిన ఉద్యోగి చూసి, పట్టపగలు పడుకున్నాడు చూడండి అంటాడు.

ఇంకో రకం అలసట ఉంది. అది పనివల్ల వచ్చేది కాదు, నిద్రపోతే పోయేదీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆదివాసీ స్త్రీలలో ఇంకా ఎక్కువ. రక్తం చాలని పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, ఆటల పీరియడులో కళ్లు తిరగడం, పాఠం మధ్యలో మగత. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు కీళ్ల నొప్పులు, తరచూ జ్వరాలు, ఎప్పుడూ వదలని నీరసం. ఆదివాసీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఎక్కువని తెలిసే 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం దాని నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభించింది. మలేరియా వచ్చి తగ్గిన పిల్లవాడికి కొన్ని వారాలు ఒళ్లు స్వాధీనంలోకి రాదు. ఇలాంటి పిల్లల ముందు నిలబడి ‘ఉత్సాహంగా ఉండాలి, హుషారుగా ఉండాలి’ అని చప్పట్లు కొట్టించడం కంటే క్రూరమైన పని ఇంకోటి లేదు. వాళ్లకు అలసటకు ఎదురుగా నిలిచే మాట నెత్తురు. అది ఆకుకూరలో ఉంది, గుడ్డులో ఉంది, బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉంది, పీహెచ్‌సీలో చేసే రక్తపరీక్షలో ఉంది. గైడు పుస్తకంలో లేదు.

తెలుగులో ఒక గొప్ప మాట ఉంది, ఓపిక. దానికి రెండు అర్థాలు. ‘నడిచే ఓపిక లేదు’ అంటే ఒంట్లో సత్తువ లేదని. ‘కాస్త ఓపిక పట్టు’ అంటే సహించమని. అలసటకు దగ్గరగా వచ్చే ఎదురుమాట ఇదే, మొదటి అర్థంలో. కానీ మనకు అందేది ఎప్పుడూ రెండోదే. పట్టా కోసం ఓపిక పట్టండి, రోడ్డు కోసం ఓపిక పట్టండి, టీచరు పోస్టు కోసం ఓపిక పట్టండి. ఒంట్లో ఓపికంతా పిండుకుని, మనసులో ఓపిక పట్టమంటారు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి, బయటివాళ్లను అని ఊరుకుంటే సగం మాటే అవుతుంది. చేనిలో ఇద్దరూ కలిసి పనిచేసి వస్తారు. మగవాడు వచ్చి నడుం వాలుస్తాడు, జీలుగు కల్లు దగ్గర కూర్చుంటాడు. ఆడమనిషి పొయ్యి ముట్టిస్తుంది. అలిసిపోయాను అని ఆమె ఎప్పుడైనా అంటే, ఏం చేశావని అలిసిపోయావు అనే గొంతు మన వాకిళ్లలోనే వినిపిస్తుంది. కూలికి తీసుకుపోయే మేస్త్రీ గొంతుకూ దీనికీ ఏమిటి తేడా? చదువుకున్న తమ్ముళ్లు ముందు ఇంట్లో ఈ మాటను సరిచెయ్యండి. బిందె పట్టుకుంటే చాలు, వ్యాసాలు రాయక్కర్లేదు.

ఆ తమ్ముళ్లకే ఇంకో మాట. సెల్‌ఫోన్‌లో మోటివేషన్ వీడియోలు చూసి, ‘మనవాళ్లకు కసి లేదు, కష్టపడే తత్వం లేదు’ అని గ్రూపుల్లో పెడుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడమే విజయ రహస్యమట. మీ అమ్మ ముప్పై ఏళ్లుగా ఆ వేళకే లేస్తోంది. ఆమెకు ఏ విజయం వచ్చిందో ఆ వీడియోవాణ్ని అడగండి. మనకు కొరత పడింది కసి కాదు. కష్టానికి తగిన ధర, కష్టం తర్వాత తీరిక.

తీరిక అన్న మాట తీరు నుంచి వచ్చింది. అలుపు తీరుతుంది, ఆకలి తీరుతుంది, అప్పు తీరుతుంది. అన్నీ తీరాక మిగిలేది తీరిక. మన పండగలన్నీ దాన్ని కాపాడుకోవడానికి పెట్టుకున్నవే. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండగ వస్తే ఊరంతా మామూలు పనులు పక్కన పెడుతుంది. ఆదిలాబాదులో దీపావళి ముందు దండారీ బృందాలు ఊరూరా తిరుగుతాయి, గుస్సాడీలు ఆడతారు, ఒక ఊరు ఇంకో ఊరికి అతిథి అవుతుంది. బయటినుంచి చూసినవాడు పని ఎగ్గొట్టడానికి పండగ అంటాడు. వాళ్లకు ఆదివారం ఉంది, రెండో శనివారం ఉంది, సంక్రాంతి సెలవులున్నాయి, వాటిని ఎవరూ ఎగ్గొట్టడం అనరు. మన పండగ నాడు బడికి రాని పిల్లకు మాత్రం ఆబ్సెంటు పడుతుంది.

ఇక మన భాషల మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కొలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారయ్యాయి. అంతకు చాలా ముందే, 1940లలో ఆదిలాబాదు గోండు గూడెం మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతులు గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసి గోండి వాచకాలతో బడులు నడిపించారు. పిల్లవాడు తన భాషలో ‘అలిసిపోయాను’ అన్నప్పుడు అర్థం చేసుకునే మనిషి బడిలో ఉండాలన్నదే ఆ ప్రయత్నాలన్నిటి సారం. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని చెప్పింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉద్యోగాలు పోయాయని మనం బాధపడ్డాం, అది న్యాయమే. పిల్లవాడి నీరసాన్ని వాడి మాటలోనే వినగలిగే చెవి కూడా దాంతో పాటు దూరమవుతోందని ఎంతమంది ఆలోచించారు?

అందుకే తోటి ఉపాధ్యాయులను ఒక పని అడుగుతున్నాం. అలసటకు ఎదురుమాట ఏమిటని మీ తరగతిలో అడగండి. తెలుగులో అడగండి, తర్వాత పిల్లల ఇంటి భాషలో అడగండి. సాయంత్రం అమ్మమ్మను, తాతను అడిగి రమ్మనండి. మోపు దించినప్పుడు ఏమంటారు, గెడ్డలో కాళ్లు పెట్టినప్పుడు ఏమంటారు, జ్వరం వదిలినప్పుడు ఏమంటారు, వాన తెరిపి ఇచ్చినప్పుడు ఏమంటారు, వదిలిన పోడు మళ్లీ పచ్చబడినప్పుడు ఏమంటారు. ఒక్కో భాషలో ఒక్కో మాట కాదు, నాలుగైదు రావచ్చు. వచ్చినవన్నీ నోటుబుక్కులో రాయించండి, ఊరి పేరు, చెప్పినవాళ్ల పేరు పక్కన రాయించండి. మనలో ఎవరి భాషకు నిఘంటువు తయారవుతున్నా ఈ మాటలు దానికి పనికొస్తాయి.

పరీక్షలో మార్కు పోతే ఎవరు బాధ్యులు అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. పబ్లిక్ పరీక్ష పేపరు మన చేతిలో లేదు, కాబట్టి గైడు జవాబు కూడా పిల్లలకు తెలియాలి. ‘పరీక్షకు ఇది, నిజానికి ఇది’ అని రెండూ చెబితే పిల్లలకు అర్థం కాకపోదు, వాళ్లు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మోస్తున్నవాళ్లు. కానీ బడిలో మనమే పెట్టి మనమే దిద్దే పరీక్షల్లో ఎర్ర పెన్ను మన చేతిలోనే ఉంది. విశ్రాంతి, తీరిక, సేదతీరడం, ఓపిక, నిద్ర, అంబలి. వీటిలో ఏది రాసినా మార్కు వెయ్యండి. అంబలి నామవాచకం కదా, వ్యతిరేక పదం ఎలా అవుతుందని ఎవరైనా పై అధికారి అడిగితే, అలసట కూడా నామవాచకమేనండి అని చెప్పండి.

ప్రోగ్రెస్ కార్డులో ‘చురుకుగా లేడు’ అని రాయబోయే ముందు మూడు సంగతులు కనుక్కోండి: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, పొద్దున ఏం తిన్నాడు, చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు జరిగింది. ఆశ్రమ పాఠశాలల్లో వేకువనే లేపి, రాత్రి స్టడీ అవరు దాకా కూర్చోబెట్టే టైంటేబులు ఎవరు వేశారో, అందులో పదేళ్ల పిల్ల నిద్రకు ఎన్ని గంటలు మిగిలాయో లెక్కవేసి హెచ్‌ఎం ముందు పెట్టండి. హెచ్‌ఎం కాదంటే ఐటీడీఏలో పెట్టండి. ఊరి పండగలకు స్థానిక సెలవు అడుగుతూ గ్రామసభ తీర్మానం చేయించండి. ఈ ఏడాది ఇటుకల పండగకు ముందే ఆ కాగితం పాడేరు చేరాలి.